సాయంత్రం చదువుకు పిల్లలు ఎందుకు మానేస్తారు, మళ్ళీ ఎలా వస్తారు?

ప్రశ్న: "కర్నూలు జిల్లాలో మాదొక పల్లె. డిగ్రీ అయిపోయి ఉద్యోగ ప్రయత్నాల్లో ఉన్న ముగ్గురం కలిసి, వాడకంలో లేని గ్రంథాలయం గదిలో 8, 9, 10 తరగతుల పిల్లలకు సాయంత్రం 6 నుంచి 8 దాకా ఉచితంగా చదువు చెబుతున్నాం. మొదట్లో 34 మంది వచ్చారు. రెండు నెలలకు 12 మంది మిగిలారు. ఉన్నవాళ్ళకు చెప్పినా గోడకు చెప్పినట్టే ఉంది. వీళ్ళలో చదువు మీద ఆసక్తి మళ్ళీ ఎలా తేవాలి? మోటివేషన్ స్పీకర్‌ని పిలిపించాలా? బహుమతులు పెట్టాలా? ఊరి నుంచి వెళ్ళి స్థిరపడిన పెద్దాయన ఒకరు గది బాగుచేయించడానికి 40 వేలు ఇస్తానన్నారు. దేనికి ఖర్చుపెట్టాలి?"

సమాధానం:

మీరు రాసినదాంట్లో నన్ను ఆపింది 12 కాదు, 34. హాజరు పట్టీ లేదు, మార్కులు లేవు, రాకపోతే అడిగేవాళ్ళు లేరు. అయినా 34 మంది ఆట మానుకుని సాయంత్రం పూట ఒక పాత గదిలోకి వచ్చి కూర్చున్నారు. ఆసక్తి లేనివాళ్ళు చేసే పని కాదిది. వచ్చారు, కొన్నాళ్ళు చూశారు, బడిలో జరిగేదే ఇక్కడా జరుగుతోందని తేలాక మెల్లగా మొహం చాటేశారు. మిమ్మల్ని తప్పుపట్టడం లేదు. నేనైతే మొదటి ఏడాది 40 మందిని 9కి దించాను.

నేను జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో 29 ఏళ్ళు లెక్కల మాస్టారిగా చేసి రిటైరయ్యాను. చివరి 11 ఏళ్ళూ ప్రకాశం జిల్లా పడమటి వైపు ఒక ఊళ్ళో, బడి అయ్యాక ఇలాంటి గదే ఒకటి నడిపాను. అందులో నేర్చుకున్నదే చెబుతాను, చేసిన తప్పులతో సహా.

ముందు ఒక చిన్న పని చేయండి. రేపు మీ 12 మందికీ ఒక తీసివేత ఇవ్వండి. 503 లోంచి 278. బోర్డు మీద వద్దు, తలా ఒక కాగితం ముక్క ఇచ్చి చేయమనండి, పేరు రాయొద్దనండి. కొన్ని కాగితాల మీద 225 ఉంటుంది. ఒకటో రెండో కాగితాల మీద 375 ఉంటుందని నా నమ్మకం. నాకు ప్రతి ఏడూ తగిలింది, తొమ్మిదో తరగతిలో కూడా.

ఒకసారి అలా 375 రాసిన అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని, "ఎలా చేశావో చెప్పమ్మా" అన్నాను. మూడు, ఎనిమిది వంక చూసి, "పెద్దదాంట్లోంచి చిన్నది తియ్యాలి కదా సార్, ఎనిమిదిలోంచి మూడు పోతే అయిదు" అంది. సున్నా, ఏడు చూసి ఏడు వేసింది. అయిదులోంచి రెండు పోతే మూడు. ఒకటో రెండో తరగతిలో ఎవరో టీచరు "ఎప్పుడూ పెద్దదాంట్లోంచే చిన్నది తీసెయ్యాలి" అని చెప్పి ఉంటారు. ఆ పిల్ల ఆ మాటను ఏడెనిమిదేళ్ళు నమ్మకంగా పాటించింది. ప్రతిసారీ ఇంటూ మార్కు పడింది. ఎందుకు పడిందో ఎవరూ చెప్పలేదు. చెప్పినట్టే చేస్తున్నా తప్పంటున్నారంటే ఆ పిల్ల మాత్రం ఏమనుకోవాలి? తనకు లెక్కలు రావనుకుంది. ఆ మాట కూడా పైకి అనలేదు. బోర్డు మీద ఉన్నది మక్కికి మక్కి ఎక్కించుకోవడం అలవాటు చేసుకుంది. ఎర్ర ఇంకుతో మార్జిను, హెడ్డింగు కింద రెండేసి గీతలు, ముత్యాల్లాంటి అక్షరాలు. ఇన్‌స్పెక్షన్‌కు ఎవరు వచ్చినా మేం చూపించేది ఆ పుస్తకమే.

ఆ రోజు బల్ల మీద అయిదు వంద నోట్లు, మూడు రూపాయి బిళ్ళలు పెట్టి, "నేను కొట్టువాణ్ణి, 278 అయింది, ఇవ్వు" అన్నాను. రెండు నోట్లు తీసి ఇచ్చింది. ఇంకా 78 కావాలి. తన దగ్గర మూడు నోట్లు, మూడు బిళ్ళలు. కాసేపు వాటి వంక చూసి, "చిల్లర కావాలి సార్" అంది.

అంతే. వందను పదులుగా, పదిని రూపాయలుగా విడగొట్టడం అక్కడి నుంచి తనే చేసుకుపోయింది. మొత్తం అరగంట పట్టింది. వెళ్ళేటప్పుడు ఇలాంటివి ఇంకో పది ఇమ్మని అడిగింది. అప్పటిదాకా ఆ పిల్లకు మేం చెప్పని మంచి మాట లేదు: కష్టపడితే కలెక్టరవుతావు, చదువుకుంటే అమ్మానాన్నల కష్టం తీరుతుంది, వగైరా. ఒక్కదానికీ కదలని మనిషి ఒక తీసివేత చేతనయ్యాక లెక్కలు అడిగి తీసుకుంది. ఆసక్తి పుట్టిస్తే చదువుతారని మనందరం అనుకుంటాం. నేను చూసినంతలో వరస తిరగబడి ఉంటుంది. ఏదో ఒకటి నిజంగా చేతనైతే ఆసక్తి దాని వెనకాలే వస్తుంది.

సైకాలజీలో దీనికి సంబంధించి ఒక ముచ్చట ఉంది. 1967లో అమెరికాలో మార్టిన్ సెలిగ్‌మన్, స్టీవెన్ మేయర్ అనే ఇద్దరు కుక్కల మీద ప్రయోగాలు చేశారు. ఏం చేసినా కరెంటు షాకు ఆగని పరిస్థితిలో కొన్నింటిని ఉంచారు. తర్వాత వాటిని సులువుగా తప్పించుకోగల చోట పెట్టినా, వాటిలో చాలావరకు ప్రయత్నమే చేయకుండా పడి ఉన్నాయి. అవి నిస్సహాయతను 'నేర్చుకున్నాయి' అన్నారు. మేం చదువుకున్నది ఇంతవరకే. 2016లో ఆ ఇద్దరే, మెదడు మీద జరిగిన కొత్త పరిశోధనలు చూసి, తమ మాటను తామే తిరగేశారు. ఎడతెగని బాధలో ప్రాణి చతికిలబడిపోవడం సహజంగా జరిగేదేననీ, అది నేర్చుకునేది కాదనీ, నేర్చుకోవలసింది 'నేను చేస్తే ఇది మారుతుంది' అన్న సంగతేననీ అన్నారు. నాకు ఇది చదివినప్పుడు ఆ చిల్లర అడిగిన పిల్లే గుర్తొచ్చింది. మీ గదిలో గోడల్లా కూర్చున్నవాళ్ళు మొండితనం నేర్చుకుని రాలేదు. తాము చేస్తే ఏదైనా మారుతుందని చూసే అవకాశం వాళ్ళకు చాన్నాళ్ళుగా రాలేదు.

అందుకని గదికి కావలసినవాటిలో రంగులు, బెంచీలు తర్వాత. మొదటిది, అక్కడ "నాకు ఇది రాదు" అంటే ఏమీ కాకూడదు. నవ్వు రాకూడదు, నిట్టూర్పు రాకూడదు, "ఇది కూడా రాదా?" అన్న మాట రాకూడదు. వినడానికి సులువే గానీ నాకు నాలుగేళ్ళు పట్టింది.

నేను కొట్టే మాస్టారిని కాను. విద్యాహక్కు చట్టం 2010లో అమల్లోకి వచ్చింది. అందులో 17వ సెక్షను పిల్లల్ని కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. ఆ చట్టం రాకముందు కూడా నేను బెత్తం పట్టలేదని గొప్పగా చెప్పుకునేవాణ్ణి. బెత్తం పని నా నోరు చేసేదని తర్వాత తెలిసింది. ఒక సాయంత్రం ఎనిమిదో తరగతి కుర్రాడొకడు లేచి, "సార్, మైనస్ ఇంటూ మైనస్ ప్లస్ ఎందుకవుతుంది?" అన్నాడు. ఏదో తొందరలో ఉన్నాను. "ముందు పదమూడో ఎక్కం అప్పజెప్పు, ఎందుకో తర్వాత అడుగుదువుగాని" అన్నాను. గదంతా గొల్లుమంది. నేనూ నవ్వాను. కుర్రాడు కూర్చున్నాడు. మర్నాటి నుంచి సాయంత్రం రాలేదు. బడికి వచ్చేవాడు, టెన్త్ కూడా పాసయ్యాడు, కానీ నన్ను ఇంకెప్పుడూ ఏదీ అడగలేదు. ఆ ఏడాది నన్ను పిల్లలు అడిగిన ప్రశ్నలన్నింటిలోకీ మంచి ప్రశ్న అదే. దానికి జవాబు చెప్పడానికి పావుగంట చాలు.

తర్వాత నేను చేసినవి రెండు. ఒకటి, పాత మిఠాయి డబ్బా ఒకటి తెచ్చి మూతకు చీలిక పెట్టి తలుపు పక్కన ఉంచాను. రానిది ఏదైనా చీటీ మీద రాసి వేయాలి, పేరు రాయనక్కర్లేదు. మర్నాడు మొదటి పది నిమిషాలు ఆ చీటీల పనే. మొదటి వారం డబ్బా ఖాళీ. రెండో వారం నేనే రెండు చీటీలు వేశాను, అది వేరే సంగతి. మూడో వారానికి మొదలయ్యాయి. "న ఎక్కడ రాయాలి, ణ ఎక్కడ రాయాలి", "థీటా అంటే అంకెనా అక్షరమా", "సగం, మూడో వంతు కలిపితే రెండు బై అయిదు ఎందుకు కాదు". ఎవరు రాశారో చేతిరాత చూస్తే నాకు తెలిసేది. తెలిసినట్టు ఎప్పుడూ కనపడలేదు.

రెండోది, "నాకు రాదు" అన్న మాట ముందు నేనే అనడం. మా వైపు కుటుంబాలు మిరప కోతలకు గుంటూరు వైపు వలస పోతాయి. కొంతమంది పిల్లలూ వెంట వెళ్తారు. కోసిన కాయకు కిలోకింత అని కూలి ఎలా కడతారో, తడి కాయకు, తాలు కాయకు ఎంత తగ్గిస్తారో నాకు తెలియదు. తిరిగొచ్చిన పిల్లల్ని బోర్డు దగ్గరికి పిలిచి నాకు చెప్పమన్నాను. శాతాలు రావనుకున్న పిల్లవాడు తరుగు ఎంత పోతుందో నోటితో టకటకా చెప్పేశాడు. దాన్నే శాతమంటారని తర్వాత చెప్పాను.

ఇక స్థాయి సంగతి. మీరు ఏం చెబుతున్నారో రాయలేదు గానీ, బహుశా బడిలో ఆ రోజు అయిన పాఠాన్నే సాయంత్రం మళ్ళీ చెబుతున్నారు. అందరూ చేసేది అదే, నేనూ చేశాను. పగలు అర్థం కానిది సాయంత్రం, ఆకలి వేళ, ఇంకాస్త వేగంగా చెబితే అర్థం కాదు. పిల్లల్ని తరగతిని బట్టి కాదు, ఏది వచ్చో దాన్నిబట్టి కూర్చోబెట్టండి. ప్రథమ్ సంస్థ దేశమంతా చదవడం, లెక్కలు నేర్పిన పద్ధతి కూడా ఇదే. అక్షరాలు, పదాలు, పేరా, కథ, ఏ మెట్టు మీద ఉన్నవాళ్ళకు ఆ మెట్టు.

దీనికి మనకు దగ్గర్లోనే మంచి ఉదాహరణ ఉంది. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ స్కూలు చుట్టుపక్కల పల్లెల్లో చిన్న బడులు నడుస్తాయి. ఒకే గదిలో అన్ని తరగతుల పిల్లలూ ఉంటారు. అక్కడ పాఠాలను చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి, గోడ మీద ఒక నిచ్చెన గీసి, ఏ మెట్టు తర్వాత ఏ మెట్టో బొమ్మ గుర్తులతో చూపిస్తారు. పిల్లవాడు వచ్చి నిచ్చెన మీద తన మెట్టు చూసుకుని, తన కార్డు తనే తీసుకుని పని మొదలుపెడతాడు. కర్ణాటకలో 'నలి కలి', తమిళనాడులో కార్యకలాపాల పద్ధతి దీన్ని చూసే పెరిగాయి. దీంట్లో నాకు అన్నిటికంటే నచ్చిన సంగతి ఒకటుంది. నెల రోజులు ఊరు విడిచి వెళ్ళిన పిల్లవాడు తిరిగొస్తే, తను వదిలిన మెట్టు తన కోసం అక్కడే ఉంటుంది. మామూలు తరగతిలో అయితే పాఠం నాలుగు చాప్టర్లు దాటిపోయి ఉంటుంది. కోతల నుంచి మార్చిలో తిరిగొచ్చిన పిల్ల మూడు రోజులు బిక్కమొహంతో కూర్చుని నాలుగో రోజు మానేసేది అందుకే. నేను కార్డులు తయారుచేయలేకపోయాను, అంత ఓపిక లేదు. లెక్కలకు మాత్రం చార్టు మీద 60 మెట్లు రాసి, ఒక్కో మెట్టుకు పది లెక్కల కాగితం జెరాక్స్ తీసి పెట్టాను. రెండేళ్ళు వాడితే అదే కుదురుకుంది.

వెనకబడినవాళ్ళు ఇక అందుకోలేరని మీకనిపిస్తే, ఎం.వి. ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్ళు రంగారెడ్డి జిల్లాలో చేసినదాన్ని గుర్తుచేసుకోండి. పశువుల దగ్గర, పొలాల్లో పనిచేస్తున్న, బడి మొహం చూడని పెద్ద పిల్లల్ని క్యాంపుల్లో ఉంచి చదివించి, వాళ్ళ వయసుకు తగ్గ తరగతుల్లో చేర్పించారు. ఒకటో తరగతిలో చిన్నపిల్లల మధ్య కూర్చోబెట్టలేదు. ఆ పని నడిపిన శాంతా సిన్హా గారికి 2003లో మెగసెసే అవార్డు వచ్చింది. 'బ్రిడ్జి కోర్సు' అన్న మాట మన దగ్గర ఇంతగా వాడుకలోకి రావడంలో వాళ్ళ పాత్ర చాలా ఉంది. పన్నెండేళ్ళ పిల్లకు అక్షరాలు నేర్పొచ్చు. ఆరేళ్ళ పిల్లలా చూస్తే మాత్రం నేర్చుకోదు. పరువు పోయేచోట ఎవరూ నేర్చుకోరు, మనమైనా సరే.

మరి పదో తరగతి కుర్రాడికి మూడో తరగతి తెలుగు వాచకం పరువు పోకుండా ఎలా ఇవ్వాలి? గ్రూపులకు పూల పేర్లు పెట్టడం, పక్షుల పేర్లు పెట్టడం నేనూ చేశాను. ఏ పువ్వు అంటే ఏమిటో పిల్లలు ఒక్కరోజులో కనిపెట్టేస్తారు. నాకు పనిచేసింది ఇంకొకటి. వారానికి రెండు రోజులు ఒకటి, రెండు తరగతుల పిల్లల్ని అరగంట రమ్మన్నాను. వాళ్ళకు కథలు చదివి వినిపించే పని తడుముకుంటూ చదివే పెద్దపిల్లలకు ఇచ్చాను. చిన్నపిల్లల ముందు తడబడకూడదు కాబట్టి ముందురోజే ఆ పుస్తకం పట్టుకెళ్ళి ఇంట్లో నాలుగుసార్లు చదువుకునేవాళ్ళు. అది మూడో తరగతి పుస్తకమని ఎవరూ అనుకోలేదు, 'రేపు పిల్లలకు చదవాల్సిన పుస్తకం' అనుకున్నారు. ఒత్తులు పలకని ఒకడు రెండు నెలల్లో గొంతులు మార్చి నక్కకొకటి, సింహానికొకటి చదవడం మొదలుపెట్టాడు. ఆ చిన్నవాళ్ళు దారిలో కనిపిస్తే వాణ్ణి "సింహమన్నా" అని పిలిచేవాళ్ళు.

మీ రెండు గంటలను కూడా కాస్త మార్చండి. మొదటి పావుగంట అసలు పాఠం వద్దు. గుగ్గిళ్ళో, వేరుశనక్కాయలో పెట్టండి, కబుర్లు చెప్పుకోనివ్వండి. బడి నుంచి వచ్చి ఇంట్లో నీళ్ళు మోసి, తమ్ముణ్ణి ఎత్తుకుని, ఏమీ తినకుండా వచ్చేవాళ్ళు అందులో ఉంటారు. తర్వాత 45 నిమిషాలు ఎవరి మెట్టు వాళ్ళది. మిగతా సమయం బడి హోంవర్కు, లేకపోతే పరీక్ష పని. రోజూ చివర్లో ఒక పొడుపుకథో, లెక్క చిక్కుముడో, జవాబు చెప్పకుండా వదిలేయండి. మర్నాడు రావడానికి అదొక సాకు. ఇంకొకటి, ఏ రోజైనా రెండు పనులు ముందుపెట్టి "ఏది ముందు చేస్తావు?" అని అడగండి. చిన్న విషయంలా ఉంటుంది గానీ, చాలామంది పిల్లలను చదువులో ఆ మాట ఎవరూ ఎప్పుడూ అడిగి ఉండరు. ఎడ్వర్డ్ డెసీ, రిచర్డ్ రయాన్ అనే ఇద్దరు ఎన్నో ఏళ్ళు పరిశోధించి, మనిషి తనంతట తాను ఒక పని మీద నిలబడాలంటే మూడు కావాలన్నారు: ఎంచుకునే వీలు, చేతనవుతోందన్న నమ్మకం, నా అనే మనుషులు. గుగ్గిళ్ళు మూడో దాని కింద జమ.

పదో తరగతివాళ్ళ గురించి ఒక్క మాట. వాళ్ళకు మార్చి దగ్గరపడుతున్న కొద్దీ ఈ మెట్లు అవీ చెబితే టెన్షన్ పెరుగుతుంది. సంక్రాంతి దాకా మెట్లు, సంక్రాంతి తర్వాత పాత ప్రశ్నపత్రాలు. కచ్చితంగా చేయగలిగే ప్రశ్నలు ముందు గట్టి చేయించండి. అది కూడా 'చేతనవడమే'.

బహుమతుల గురించి అడిగారు. వద్దు. ముఖ్యంగా "ఇది చేస్తే ఇది ఇస్తాను" అని ముందే చెప్పే రకం అసలు వద్దు. 1973లో మార్క్ లెప్పర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ అని ముగ్గురు అమెరికాలో ఒక నర్సరీ బడిలో, బొమ్మలు వేయడమంటే అప్పటికే ఇష్టమున్న పిల్లల్ని తీసుకుని, కొందరికి "వేస్తే సర్టిఫికెట్ ఇస్తాం" అని ముందే చెప్పి ఇచ్చారు. కొందరికి చెప్పకుండా తర్వాత ఇచ్చారు. కొందరికి అసలివ్వలేదు. ఒకట్రెండు వారాలు పోయాక చూస్తే, ముందే చెప్పించుకున్న పిల్లలు తీరిక వేళల్లో బొమ్మలు వేసే సమయం మిగతావాళ్ళతో పోలిస్తే దాదాపు సగానికి పడిపోయింది. నాకు ఈ సంగతి తెలియక ఒక ఏడాది వారం వారం ఫస్టు వచ్చినవాళ్ళకు పెన్ను పెట్టాను. ఫలితం: ఎప్పుడూ ఆ ముగ్గురికే పెన్నులు, మిగతావాళ్ళకు 'మనది కాదులే' అన్న ధీమా, పైగా మా గదిలో కాపీ కొట్టడం మొదలైంది. అప్పటిదాకా లేదు. ఎవరైనా ఏదైనా బాగా చేస్తే ఏం బాగుందో విడమరిచి చెప్పండి. "గుడ్" అని కాదు. "మొన్న తీసివేతలో అప్పు తెచ్చుకోవడం మర్చిపోయావు, ఇవాళ మూడుచోట్లా గుర్తుపెట్టుకున్నావు" అనండి. అన్నట్టు, గోడ మీద మార్కుల పట్టిక ఏదైనా అంటించి ఉంటే ఇవాళే పీకేయండి.

మోటివేషన్ స్పీకరు. మా బడికి ఒకసారి వచ్చారు, బాగానే మాట్లాడారు. అమ్మ చేతుల మీద కాయలు చూశారా అని అడిగితే పిల్లలు వెక్కి వెక్కి ఏడ్చారు, మా స్టాఫులో ఇద్దరు కళ్ళు తుడుచుకున్నారు. అందరూ చెయ్యెత్తి ప్రమాణం చేశారు. అది శనివారం. సోమవారం 503 లోంచి 278 తీస్తే మళ్ళీ 375 వచ్చింది. ఏడిపించడం వల్ల నష్టం కూడా ఉంది: అంత చెప్పించుకున్నాక కూడా రాలేదంటే తప్పు పూర్తిగా తనదేనని పిల్లవాడు తేల్చుకుంటాడు. ఎవరినైనా పిలవాలనుకుంటే మీ ఊళ్ళోనే లెక్కల్లో తప్పి సప్లిమెంటరీలో పాసైనవాళ్ళు ఉంటారు. వాళ్ళలో ఒకరిని పిలిచి, తప్పాక ఆ నెల రోజులూ రోజుకు ఏం చదివారో, ఎవరి దగ్గర కూర్చున్నారో చెప్పమనండి.

మానేసిన 22 మంది దగ్గరికి మీరు వెళ్ళాలి. ఇంటికి వెళ్ళి "ఎందుకు రావట్లేదు?" అని మాత్రం అడగొద్దు. వాళ్ళమ్మ అక్కడే ఉంటుంది, అడిగిన మరుక్షణం తిట్లు మొదలవుతాయి, ఆ తిట్లన్నీ మీ ఖాతాలో పడతాయి. ఏదైనా సాయం అడగండి. "రేపు చిన్నపిల్లలు వస్తున్నారు, ఒక్కదాన్నే సముదాయించలేను, అరగంట వస్తావా?" లాంటిది. అందరూ రారు. కొందరికి నిజంగానే ఇంట్లో పని ఉంటుంది, కొందరికి మీ గదిలో ఎవరితోనో గొడవ ఉంటుంది. ఆడపిల్లల విషయంలో చాలాసార్లు కారణం రాత్రి 8 గంటల చీకటే. వాళ్ళ కోసం 5 నుంచి 7కి మార్చి చూడండి. అలాగే ఎప్పుడూ వెనక కూర్చుని బోర్డు రాసుకోని పిల్లలుంటే ముందు కంటి పరీక్ష చేయించండి. మూడేళ్ళు నేను 'సోమరి' అనుకున్న ఒక కుర్రాడికి కావలసింది కళ్ళజోడు. ఇది రాయడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

ఇక 40 వేలు. రంగులకు ఇవ్వకండి, బెంచీలకు ఇవ్వకండి. బెంచీలు వేస్తే మళ్ళీ ముందు వరస, వెనక వరస వస్తాయి. చాపల మీద గుండ్రంగా కూర్చుంటే వెనక వరసే ఉండదు. ఎక్కువ భాగం ఇన్వర్టరుకు, బ్యాటరీకి, నాలుగు మంచి లైట్లకు పోనివ్వండి. చదువుతుండగా రోజూ కరెంటు పోయే గదికి పిల్లలు ఎన్నాళ్ళు వస్తారు? తర్వాత మరుగుదొడ్డి ఉంటే దానికి తలుపు గడియ, నీళ్ళు. లేకపోతే పక్కింటివాళ్ళతో మాట్లాడి పెట్టుకోండి, ఇది మాట్లాడకపోతే పెద్ద తరగతుల ఆడపిల్లలు ఏ కారణమూ చెప్పకుండా మానేస్తారు. కిటికీలకు దోమల జాలీ. పది చాపలు. రెండు డజన్ల పలకలు. నవ్వకండి, పదో తరగతివాళ్ళు కూడా పలక మీద ధైర్యంగా తప్పు చేస్తారు, చేత్తో తుడిచేస్తే పోతుంది కదా. నోటు పుస్తకంలో తప్పు చేస్తే ఏడాదంతా కనపడుతుంది. పది పేజీల్లో అయిపోయే కథల పుస్తకాలు ఓ యాభై. ఎవరికైనా కళ్ళజోడు అవసరమైతే దానికి కొంత పక్కన ఉంచండి. జెరాక్సులకు నెలకింత. గుగ్గిళ్ళకు దాత డబ్బు వాడకండి, వారానికొక ఇల్లు శనగలో బొబ్బర్లో ఇచ్చేట్టు చూడండి. మా దగ్గర అలా మొదలయ్యాకే తల్లులు గుమ్మం దాకా వచ్చి లోపలికి తొంగిచూడటం మొదలుపెట్టారు.

గది తాళం ఎవరి దగ్గర ఉంటోంది? మీ ముగ్గురిలో ఒకరి దగ్గరే అయి ఉంటుంది. నేనూ ఆరేళ్ళు నా జేబులోనే పెట్టుకున్నాను, ఏదైనా పోతుందేమోనని. ఒక వర్షాకాలం నాకు జ్వరం వచ్చి పది రోజులు మంచం మీద ఉంటే, తాళం ఎదురింటి అవ్వకు ఇప్పించాను. పిల్లలు ఆవిడ దగ్గర తీసుకుని తెరిచేవాళ్ళు, వేసి మళ్ళీ ఆవిడకే ఇచ్చేవాళ్ళు. పదకొండో రోజు నేను వెళ్ళేసరికి లోపల దీపాలు వెలుగుతున్నాయి. 375 రాసిన ఆ అమ్మాయి, అప్పటికి పదో తరగతి, నాలుగు వంద నోట్లు, ఆరు బిళ్ళలు ముందు పెట్టుకుని కొట్టువాడిలా కూర్చుని ఉంది. ఎదురుగా ఆరో తరగతి పిల్లాడొకడు తల గోక్కుంటున్నాడు. నన్ను చూసి లేవబోయిన పిల్లల్ని ఆ అమ్మాయే కూర్చోమని సైగ చేసింది. నేను చెప్పులు విడిచి ఒక చాప చివర కూర్చున్నాను. ఆ తర్వాత తాళం చెవి నేను వెనక్కి అడగలేదు.